పరాయి పిల్లకు ఒక మంచం

అమెరికా వెళ్లినవాళ్లు తిరిగి రావాలన్న పట్టింపు మా ఇళ్లల్లో ఎవరికీ లేదు. ఎమ్మెస్‌కి వెళ్తారు, ఉద్యోగం వస్తుంది, హెచ్‌-1బీ లాటరీలో పేరు తగిలితే చుట్టాలందరికీ ఫోన్లు చేస్తాం, ఆ తర్వాత వాళ్ల పిల్లల్ని వీడియో కాల్లో చూసుకుంటాం. అందుకే మా అమ్మాయి పదో తరగతి పూర్తి చేసి ఏడాదిపాటు అక్కడి హైస్కూల్లో చదవడానికి ఎంపికైందని తెలిసినప్పుడు అభినందనల వెంటే ఒక ప్రశ్న కూడా వచ్చింది. "తర్వాత అక్కడే ఉండిపోవచ్చా?"

ఉండకూడదు. ఆ వీసా పేరు జె-1. అమెరికా ప్రభుత్వ సొమ్ముతో వెళ్లిన పిల్లలు చదువు ముగియగానే వెనక్కి రావాలి. వచ్చాక రెండేళ్లు సొంత దేశంలో గడిపితేగానీ హెచ్‌-1బీకైనా, గ్రీన్‌కార్డుకైనా అర్హత ఉండదు. ఈ మాట విన్నాక మా ఆడపడుచు భర్త చాలా మర్యాదగానే అడిగారు. "డిగ్రీ రాదు, ఉద్యోగం రాదు, ఇక్కడ ఇంటర్లో ఒక ఏడాది పోతుంది. మరెందుకు అక్కయ్యగారూ?"

ఆయనకు నేను చెప్పిన జవాబు బాగానే ఉంది. లోకం చూస్తుంది, తన కాళ్ల మీద తను నిలబడడం నేర్చుకుంటుంది అన్నాను. టీచర్ని కాబట్టి ఇలాంటి మాటలు నాకు తడుముకోకుండా వస్తాయి. రాత్రి పడుకున్నాక నాలో నడిచిన లెక్క మాత్రం ఇంకోలా ఉండేది. పాస్‌పోర్టులో ఇప్పుడే ఒక అమెరికా వీసా ముద్ర ఉంటే రేపు పనికొస్తుందా? ఇంగ్లీషు గడగడా మాట్లాడితే మంచి యూనివర్సిటీలో సీటొస్తుందా? ఏడాది చిన్న పిల్లల పక్కన కూర్చుని ఇంటర్ చదివితే ఎంట్రన్సుల్లో వెనకబడుతుందా? పిల్ల లోకం చూడాలన్న కోరిక అబద్ధం కాదు. కానీ ఆ కోరిక ఒంటరిగా లేదు, దాన్ని పెట్టుబడి లెక్కలు అంటిపెట్టుకునే ఉన్నాయి. ఏది ముందు పుట్టిందో ఇవాళ్టికీ విడదీసి చెప్పలేను.

తను వెళ్లిన పథకానికి కెనెడీ-లూగర్ యెస్ అని పేరు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల పిల్లల్ని ఒక విద్యా సంవత్సరంపాటు అమెరికన్ ఇళ్లల్లో ఉంచాలని సెనేటర్లు ఎడ్వర్డ్ కెనెడీ, రిచర్డ్ లూగర్‌ల చొరవతో 2002లో మొదలుపెట్టారు. ఒకరు డెమొక్రాట్, ఒకరు రిపబ్లికన్. ఆ దేశాల్లో మన దేశమూ ఉంది, అన్ని మతాల పిల్లలూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇక్కడ ఈ పని చూసే ఏఎఫ్ఎస్ అనే సంస్థ కథ ఇంకా పాతది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రాన్సులో గాయపడిన సైనికుల్ని మోసుకొచ్చే అంబులెన్సులు నడిపిన అమెరికన్ కుర్రాళ్ల దళం అది. రెండో యుద్ధంలోనూ అదే పని చేశారు. యుద్ధం ముగిశాక వాళ్ల నాయకుడు స్టీఫెన్ గలాటీ దాన్ని పిల్లల్ని దేశాలు మార్చి చదివించే సంస్థగా మలిచాడు. 1947-48 విద్యా సంవత్సరంలో మొదటి జట్టు అమెరికా చేరింది. తుపాకి దెబ్బ తిన్నవాళ్లను చేతుల్తో ఎత్తినవాళ్లకు ఈ ఆలోచన రావడంలో వింత లేదనిపిస్తుంది నాకు. శాంతి గురించి వాళ్లు మాట్లాడితే దానికో బరువుంది.

ఒక ప్రభుత్వం ఇంత ఖర్చు ఊరికే పెట్టదని నాకు తెలుసు. తన దేశం గురించి నాలుగు మంచి మాటలు మోసుకెళ్లే పిల్లలు కావాలి వాళ్లకు. అది దాచిన విషయమేమీ కాదు. నాకు మింగుడుపడనిది ఖర్చు సంగతి కాదు, ఇల్లు సంగతి.

అమెరికాలో ఈ పిల్లల్ని ఇంట్లో పెట్టుకునే హోస్ట్ ఫ్యామిలీలకు జీతం గానీ, అద్దె గానీ ఇవ్వరు. ఏడాది పొడుగునా అన్నం, పడక, స్కూలుకు దించడం, జ్వరమొస్తే మందులు చూసుకోవడం, అన్నీ వాళ్లవే. పన్ను కట్టే ఆదాయంలోంచి నెలకు యాభై డాలర్ల వరకు మినహాయింపు ఉంది, అంతే. పైగా ఆ ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతి మనిషికీ పోలీసు రికార్డుల తనిఖీ చేయిస్తారు. బంధువులు కానివాళ్లు వాళ్ల గురించి సాక్ష్యం చెప్పాలి. సంస్థ మనిషి ఇంటికొచ్చి గదులన్నీ చూసి వెళ్తారు. ఆ స్థానిక ప్రతినిధి ఇల్లు 120 మైళ్ల లోపు ఉండాలి, నెలనెలా పిల్లతోనూ ఆ కుటుంబంతోనూ మాట్లాడాలి. పిల్లకు విడిగా ఒక మంచం ఉండి తీరాలన్నది నిబంధన. గది పంచుకోవచ్చు, మంచం మాత్రం తనదే. వీటన్నిటికీ ఒప్పుకుని అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లోని కుటుంబంవాళ్లు మా అమ్మాయి ఫొటో, తను రాసుకున్న ఉత్తరం చూసి "ఈ పిల్లను మా ఇంటికి పంపండి" అన్నారు. ఆ ఇంటావిడ స్కూలు బస్సు నడుపుతుంది. ఆయన ధాన్యం కొనే సహకార సంఘంలో పనిచేస్తాడు.

మావారు నమ్మలేదు. "డబ్బు తీసుకోకుండా ముక్కూమొహం తెలియని పిల్లకు ఏడాది అన్నం ఎందుకు పెడతారు?" అని మళ్లీ మళ్లీ అడిగారు. పిల్లను మతం మారుస్తారేమో, ఇంటి పని చేయిస్తారేమో అని ఆయన భయం. నా భయమూ అదే, పైకి అనలేదంతే.

ఆశ్చర్యపోనిది మా అత్తగారొక్కరే. ఆవిడ పుట్టిల్లు రాజమండ్రి. ఆవిడ చిన్నతనంలో వాళ్లింటికి ఒక వారాలబ్బాయి వచ్చేవాడట. పల్లెటూరి నుంచి హైస్కూలు చదువుకి వచ్చిన పేద కుర్రాడు, సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో, అలా ఏడు ఇళ్లల్లో భోంచేసి చదువుకున్నాడు. "మంగళవారం మనది. మా అమ్మ ఆ రోజు కొంచెం ఎక్కువ కూర చేసేది. వాడు సిగ్గుపడి రెండోసారి అడిగేవాడు కాదని అడక్కుండానే వేసేసేది. పరీక్షలప్పుడు వాడికి పెరుగు ఎక్కువ వెయ్యమని మా నాన్న అరిచేవాడు" అని చెప్పారు. ఆ అబ్బాయి తర్వాత పెద్ద ఇంజినీరయ్యాడు. అత్తగారి అమ్మ పోయినప్పుడు వచ్చి వీధరుగు మీద కూర్చుని ఏడ్చాడట. "వీళ్లూ అలాంటివాళ్లే అయ్యుంటార్లే. పంపించు" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మనకూ ఇలాంటి మర్యాద ఉండేదని గర్వపడ్డాను కూడా. వారాలు పెట్టిన ఇళ్ల పుణ్యాన తెలుగునాట ఎందరు పైకొచ్చారో మనందరికీ తెలిసిందే. ఇంతలో ఆవిడే, పూజకు పూలు కోస్తూ, ఏ దాపరికమూ లేకుండా అన్నారు. "వాడూ మనవాడే గదా మరి."

ఆ మాట అప్పుడు నా చెవిన పడింది, లోపలికి దిగలేదు. దిగడానికి నవంబరు దాకా పట్టింది.

ఆ ఏడాదంతా నేను చూసుకున్నది నా కడుపుమంట. మేం శాకాహారులం. వెళ్లిన కొత్తలో ఒక వీడియో కాల్లో ఆ ఇంటావిడ వంటగదిలో ఒక సూపు డబ్బా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. కళ్లజోడు నెత్తిమీదికి తోసి, డబ్బాను మొహానికి దగ్గరగా తెచ్చుకుని, వెనకాల ఉన్న సన్న అక్షరాలను వేలితో తడుముతూ చదువుతోంది. పైన బొమ్మలో అన్నీ కూరగాయలే. చదివి చదివి "ఓ, చికెన్ బ్రాత్" అని డబ్బాను అవతల పెట్టేసింది. ఇంకోటి తీసింది. అలా బల్ల మీద పక్కకు పెట్టినవి ఒక వరస అయ్యాయి. కొన్ని జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుందని, అది పశువుల ఎముకలూ తోళ్ల నుంచి తీస్తారని మా అమ్మాయికే తెలియదు, ఆవిడ వెతికి చెప్పింది. ఒక కొత్త పెనం కొని పిడికి ఆకుపచ్చ టేపు చుట్టింది. ఆ పెనంలో మాంసం పెట్టకూడదని ఇంట్లో వాళ్లందరికీ చెప్పింది.

ఒక తల్లికి ఇంతకంటే ఏం కావాలి? నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. ఫోను పెట్టేశాక కాసేపటికి ఇంకేదో వచ్చింది. అది కృతజ్ఞత కాదు. నా వంటింటి నియమాన్ని నాకంటే శ్రద్ధగా పాటించే మనిషి ఒకరున్నారని తెలిస్తే సంతోషం రావాలి గదా, నాకు నా చోటు ఎవరో తీసుకున్నట్టనిపించింది.

జనవరిలో మంచు ముమ్మరంగా పడుతున్నప్పుడు పిల్లకు ఫ్లూ జ్వరం వచ్చింది. వాళ్లకు రాత్రయితే మనకు పగలు. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాలు గంట వెనక్కి తిప్పాక తేడా పదకొండున్నర గంటలకు పెరుగుతుంది. నేను క్లాసులో పాఠం చెప్తుంటే ఆవిడ అక్కడ దీపం తగ్గించుకుని మంచం పక్కన కూర్చుందట. నాకు మెసేజ్ పెట్టింది: జ్వరం ఇంత, ఈ మందు ఇచ్చాను, నిద్రపోతోంది, మీరు కంగారు పడకండి. స్టాఫ్‌రూమ్‌లో నిలబడి చదివాను. పిల్లకు ఏమవుతుందోనన్న భయం తగ్గాక మిగిలిన బాధను తరచి చూసుకుంటే దాని మూలం దొరికింది. నేను లేకపోయినా గడుస్తోంది. పదహారేళ్లుగా "అమ్మ లేకపోతే పిల్ల ఉండలేదు" అని నేను అనుకుంటూ వచ్చింది పిల్ల అవసరం అనుకున్నాను, సగానికి పైగా నాదే. సంస్థవాళ్లు ముందే చెప్పారు, మొదటి నెలల్లో ఇంటికి ఫోన్లు తగ్గించండి, అక్కడ వేళ్లూనుకోనివ్వండి అని. అది పిల్లల కోసం పెట్టిన సలహా అనుకున్నాను. తల్లుల కోసం కూడానేమో.

మళ్లీ వెనక్కి, ఆ నవంబరు సంగతికి వస్తాను. ఏటా ఆ నెలలో అక్కడ అంతర్జాతీయ విద్యా వారం జరుపుతారు. ఎక్స్‌ఛేంజ్ పిల్లలు తమ స్కూల్లో, చుట్టుపక్కల స్కూళ్లలో తమ దేశం గురించి చెప్పాలి. మా అమ్మాయి చీర కట్టుకుంది, చార్మినారూ బతుకమ్మా ఉగాది పచ్చడీ బొమ్మలు చూపించింది. ఒక క్లాసులో ఒక అబ్బాయి లేచి, కులం గురించి పుస్తకంలో చదివాం, ఇప్పటికీ ఉందా అని అడిగాడు. తను చెప్పింది: చట్టం ఒప్పుకోదు, పల్లెల్లో కొంత ఉంది, మా నగరంలో ఎవరూ పట్టించుకోరు. చప్పట్లు కొట్టారట. ఆ రాత్రి, అంటే మాకు పొద్దున్న, ఫోను చేసింది.

"అమ్మా, నేను చెప్పింది నిజమేనా?"

"చాలావరకు" అన్నాను.

"చాలావరకు అంటే?"

స్కూలుకు టైమవుతోందని పెట్టేశాను. టైమయింది నిజమే.

మా ఇంటి మీద ఒక పోర్షన్ ఉంది, అద్దెకిస్తాం. మావారి నాన్నగారు కట్టించినప్పటి నుంచీ ఇస్తున్నాం. టు-లెట్ బోర్డు చూసి ఎవరైనా వస్తే మాట్లాడేది నేనే. నీళ్ల సంగతి, కరెంటు మీటరు సంగతి చెప్తాను. మీ సొంతూరెక్కడ అంటాను. ఇంటిపేరు అడుగుతాను. ఏం చేస్తుంటారు, ఎంతమంది ఉంటారు, నాన్‌వెజ్ వండుతారా అంటాను. కులం ఏదని ఏనాడూ ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన పని లేదు, ఊరూ ఇంటిపేరూ తిండీ తెలిశాక తెలియనిదేముంది? కొందరికి "చెప్తామండీ" అన్నాను. కొందరికి తాళాలిచ్చాను. ఇన్నేళ్లలో తాళాలు అందుకున్నవాళ్లందరూ ఒకే రకం మనుషులు. అది నేను కూర్చుని తీసుకున్న నిర్ణయం కాదు, కానీ ప్రతిసారీ తీసుకున్నది నేనే. నగరంలో ఎవరూ పట్టించుకోరని నా కూతురు నమ్మకంగా చెప్పగలిగిందంటే, ఆ పట్టింపు తన కంట పడనంత సాఫీగా మా గుమ్మంలోనే సాగిపోతోందన్నమాట.

ఈ ఎక్స్‌ఛేంజ్ ఏర్పాటు మొత్తం నడిచేది రెండో వైపు, పిల్లను పెట్టుకునే ఇంటి మీద. విమానం టిక్కెట్లు, వీసాలు, ఇన్సూరెన్సు, ఇవన్నీ డబ్బుతో కొనొచ్చు. తన మతం కాని, తన తిండి తినని, తన రంగు లేని పిల్ల చేతికి ఇంటి తాళం ఇచ్చే మనిషి లేకపోతే ఎక్స్‌ఛేంజ్ అన్న మాటే లేదు. మేమందరం పంపడానికి పోటీ పడ్డాం. ఎంపిక పరీక్షల దగ్గర, బృంద చర్చల దగ్గర తల్లిదండ్రులు గేటు బయట గంటల తరబడి నిలబడ్డాం. ఇదే సంస్థ విదేశీ పిల్లల్ని మన ఇళ్లకూ తీసుకొస్తుంది. ఆ ఫారాలు కూడా అక్కడే బల్ల మీద ఉన్నాయి. వాటిని చేత్తో తిప్పి చూసినవాళ్లను కూడా నేను చూడలేదు. నేనూ తిప్పలేదు.

ఇంతాచేసి దీనివల్ల లోకం మారుతుందా అని కూడా చాలాసార్లు ఆలోచించాను. అయోవాలోనే మస్కటీన్ అనే ఊరుంది, మిసిసిపీ నది ఒడ్డున. 1985లో చైనా హెబెయ్ రాష్ట్రం నుంచి వ్యవసాయ పద్ధతులు చూడ్డానికొచ్చిన ఒక యువ అధికారి అక్కడ ఒక ఇంట్లో, ఆ ఇంటి అబ్బాయి గదిలో, రెండు రాత్రులు పడుకున్నాడు. ఆయన షీ జిన్‌పింగ్. 2012లో దేశ ఉపాధ్యక్షుడి హోదాలో ఆ ఊరికి మళ్లీ వచ్చి పాత మిత్రుల్ని పలకరించి టీ తాగాడు. 2018లో వాణిజ్య యుద్ధం మొదలై అమెరికా సోయాబీన్‌ మీద చైనా 25 శాతం సుంకం వేసినప్పుడు దెబ్బ తిన్నవాళ్లలో అయోవా రైతులూ ఉన్నారు. ఒక ఇంటి ఆతిథ్యం దేశాల లెక్కల్ని ఆపలేదు. దాని మీద అంత బరువు మోపడం న్యాయం కూడా కాదు. ఆ ఇంటివాళ్లు అన్నం పెట్టింది సుంకాలు తగ్గించుకోవడానికి కాదు గదా. మా అమ్మాయికి సూపు డబ్బాలు చదివి పెట్టినావిడ కూడా విదేశాంగ విధానం కోసం చదవలేదు. ఆవిడకు భారతదేశం ఎక్కడుందో పటంలో చూపించింది కూడా మా పిల్లే. ఒక మనిషి ఆకలితో పడుకోకూడదని ఆ డబ్బాలు చదివింది. నాకు అది చాలు. చాలదనే వాళ్లతో నేను వాదించను.

పిల్ల జూన్‌లో తిరిగొచ్చింది. ఏదో మారిపోయి వస్తుందని ఎదురుచూసినవాళ్లకు పెద్దగా ఏమీ కనపడలేదు. యాస రెండు వారాల్లో పోయింది. ఇంటర్లో చేరింది, ఏడాది చిన్నవాళ్లతో కూర్చుంటోంది, మొదట్లో కాస్త చిన్నబుచ్చుకుంది గానీ సర్దుకుంది. మాకు మిగిలిన పేచీ ఒక్కటే. నా "చాలావరకు"ను తను మర్చిపోలేదు. పై పోర్షన్ ఖాళీ అయినప్పుడు బోర్డు తనే కట్టింది. వచ్చినవాళ్లతో నేను మాట్లాడుతుంటే మెట్ల మీద పుస్తకం పట్టుకుని కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటిపేరు అడగబోయి అడగలేకపోయాను. ఆ ప్రశ్న లేకపోతే మాట్లాడ్డానికి నాకు ఇంకేమీ లేనట్టు తడబడ్డాను. అంతగా దాని మీద ఆధారపడి ఉన్నానని నాకప్పటిదాకా తెలియదు.

విదేశీ పిల్లను ఏడాది ఇంట్లో పెట్టుకుందామని ప్రతిపాదించింది నేనే. పిల్ల మెప్పు కోసమా అని నన్ను నేను అడిగాను. కొంత అవును. అయినా సరే అనుకున్నాను. మంచి పని చేయడానికి మనసు పూర్తిగా శుభ్రపడేదాకా ఆగితే ఎవరూ ఏమీ చేయరు. మావారు రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత వచ్చి "మంచం ఎక్కడ వేద్దాం?" అన్నారు.

ఫారం నింపడానికి కూర్చున్నాం. ఇంటి అలవాట్లు, తిండి, పూజలు, ఇంట్లో ఎవరెవరు, ఎలాంటి పిల్లయితే బాగుంటుంది, అన్నీ రాయాలి. ఇంట్లో మాంసం వండం అని రాశాం. బయట తింటే అభ్యంతరం లేదని మా అమ్మాయి చేర్పించింది. అత్తగారు ఎవరొచ్చినా సరే అన్నారు, ఏ దేశమైనా, ఏ మతమైనా. వారాలబ్బాయి కథ చెప్పిన నోటితోనే అన్నారు. అయితే దేవుడి గదిలోకి రాకూడదు, తన మడి గిన్నెలు ముట్టకూడదు అన్నారు. ఎనభై దాటిన మనిషి, ఆవిడ వంటా పూజా ఆవిడవి, అంతమాత్రం ఉండనిద్దాం అన్నాను నేను. మా అమ్మాయి ఒప్పుకోలేదు. "అక్కడ నా కోసం పెనం వేరే పెట్టారు బామ్మా, నువ్వు నీ కోసం గిన్నె వేరే పెడుతున్నావు. రెండూ ఒకటి కాదు" అంది. ఆవిడ కోపం తెచ్చుకుని లేచి వెళ్లిపోయారు. పూట గడిచాక వచ్చి, గదిలోకి రావచ్చు, గిన్నెల సంగతి మాత్రం మాట్లాడొద్దు అన్నారు. పిల్ల దానికీ ఒప్పుకోవడం లేదు. ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. నేను ఇంకా ఏ వైపూ చెప్పలేదు. సంస్థ వాలంటీరు వచ్చే ఆదివారం ఇల్లు చూడ్డానికి వస్తానన్నారు, ఆవిడ అడిగేలోపు చెప్పాలి.